డార్ట్‌మూర్ ఖాళీ సమాధులు

శుక్రవారం

బ్రిస్టల్ నుంచి ఎక్సెటర్ దాకా మోటార్‌వే. అక్కడి నుంచి మోర్టన్‌హ్యామ్‌స్టెడ్ మీదుగా డార్ట్‌మూర్‌లోకి ఎక్కే రోడ్డు పట్టుకున్నాం. మొదట్లో రెండు వైపులా ఎత్తైన పొదలు, ఎదురుగా కారు వస్తే ఆగి పక్కకు జరగాల్సినంత ఇరుకు. ఒకచోట పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప కడ్డీల మీద చక్రాలు గడగడలాడాయి. అది దాటాక పొదలు లేవు, కంచెలు లేవు. కనుచూపు మేర గడ్డి బీడు, కొండల నెత్తిన గ్రానైట్ బండలు, రోడ్డు పక్కనే పిల్లలతో మేస్తున్న పొట్టి గుర్రాలు.

చిన్నాయన అద్దం దించి తల బయటపెట్టాడు. నల్లగొండ జిల్లాలో టీచరుగా రిటైరై, ఇప్పుడు వ్యవసాయం చూసుకుంటున్న మనిషి. మా దగ్గరికి వేసవి గడపడానికి వచ్చాడు. లండన్ చూపిస్తానంటే, "ఆ బిల్డింగులు టీవీల చూసిన బిడ్డా, నువ్వు ఫోన్ల చెప్పిన ఆ రాళ్ళ కాడికి తీస్కపో" అన్నాడు. అందుకే ఈ ప్రయాణం.

డార్ట్‌మూర్ ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో ఉంది. 1951 నుంచి నేషనల్ పార్కు, విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. ఎత్తైన చోటు 621 మీటర్లే, కానీ సముద్రం నుంచి వచ్చే గాలి, వాన దీనికి గట్టిగానే తగులుతాయి. ఇప్పుడు ఇక్కడ జనం చాలా తక్కువ. నాలుగు వేల ఏళ్ళ కిందట మాత్రం ఈ కొండల మీద ఊళ్ళుండేవి. గుండ్రటి ఇళ్ళ రాతి పునాదులే సుమారు 5,000 కనిపిస్తాయి. వాటితో పాటు చనిపోయిన వాళ్ళ కోసం పేర్చిన రాళ్ళ గుట్టలు, నాలుగు పలకలు నిలబెట్టి పైన మూత వేసిన రాతి పెట్టెలు. ఆ పెట్టెలు 180కి పైగా ఉన్నాయి. ఆ గుట్టల్ని ఇక్కడివాళ్ళు కెయిర్న్‌లంటారు, పెట్టెల్ని కిస్ట్‌వేన్‌లంటారు.

ప్రిన్స్‌టౌన్‌లో బస. ఊరి నిండా అలుముకున్నట్టు ఉండే జైలును 1809లో, నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడిన ఫ్రెంచి ఖైదీల కోసం తెరిచారు. సామాను గదిలో పడేసి, వెలుతురు తొమ్మిది దాటేదాకా ఉంటుంది కాబట్టి మెరివేల్‌కు బయల్దేరాం. టావిస్టాక్ రోడ్డు మీద కాసేపట్లో వెళ్ళొచ్చు. కారు దిగి కొంచెం నడిస్తే చాలు, రాళ్ళ వరసలు మొదలవుతాయి.

రెండు జంట వరసలు, ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా. దక్షిణం వైపుది 260 మీటర్లకు పైనే ఉంటుంది. రాళ్ళు చాలావరకు మోకాలెత్తే. అంత చిన్న రాళ్ళను అంత తిన్నగా అంత దూరం ఎందుకు నాటారో ఎవరూ తేల్చలేదు. కానీ ఆ వరస మధ్యలో ఒక చిన్న కెయిర్న్ ఉంది, దాని చుట్టూ రాళ్ళ వలయం ఉంది. ఇదంతా చనిపోయిన వాళ్ళ చుట్టూ తిరిగిన వ్యవహారమేనని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

వరసకు దక్షిణంగా ఒక రాతి పెట్టె ఉంది. దాని మూతబండ చాలా పెద్దది, కానీ నడుమ ముక్క లేదు. 19వ శతాబ్దంలో ఎవరో గేటు స్తంభం కావాలని మధ్యలోంచి కోసుకుపోయారు. రెండు కొసలు మాత్రం పెట్టె మీద మిగిలాయి. చిన్నాయన వంగి లోపల చేయి పెట్టి చూశాడు. గడ్డి, తడి మట్టి.

"మనకాడ గిసొంటి సమాధుల బండలు బాయి ఒడ్డుకు ఏసుకున్నరు. ఈడ గేటుకు ఏసుకున్నరు" అన్నాడు.

శనివారం

తెల్లారి ఆకాశం తేటగా ఉంది. షీప్స్‌టోర్ ఊరు దాటి, గట్టర్ టోర్ కింద రోడ్డు అయిపోయే చోట కారు ఆపి నడక మొదలుపెట్టాం. గోర్స్ అనే ముళ్ళ పొదలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి, వాటి దగ్గర కొబ్బరి వాసన. తలపైన స్కైలార్క్ పిట్టలు ఆగకుండా పాడుతున్నాయి. ముప్పావుగంటలో ప్లిమ్ నది పక్క వాలు మీదున్న డ్రిజిల్‌కూమ్‌కి చేరాం.

డార్ట్‌మూర్‌లో ఒక్క చోటే చూడగలిగితే ఇదే చూడమంటాను. మూడు రాళ్ళ వరసలున్నాయి. ఒక్కోదానికి ఎగువ కొసన కెయిర్న్, దిగువ కొసన నిలువు రాయి. ఆ నిలువు రాళ్ళలో పెద్దది 4 మీటర్లు దాటుతుంది, డార్ట్‌మూర్‌లో ఇంత పొడుగున్నది ఇంకోటి లేదు. పక్కనుంచి చూస్తే పలచగా, ఎదురుగా చూస్తే వెడల్పుగా, పైన ఒక భుజం వంగినట్టు ఉంటుంది. పడిపోయి ఉన్న దాన్ని 1893లో పాదిరి సబీన్ బేరింగ్-గూల్డ్, రాబర్ట్ బర్నార్డ్, ఇంకొందరు కలిసి తిరిగి నిలబెట్టారు. అలా నిలబెట్టడం సరైనదేనా అని వాదించే వాళ్ళున్నారు. నేనైతే వాళ్ళకు కృతజ్ఞత చెప్పుకుంటాను. వరస, రాయి, గుట్ట కలిసి ఒకే కట్టడమని ఆ రాయి నిలబడితేనే తెలుస్తోంది.

కింది నుంచి పైకి, వరస పక్కనే, చిన్నాయన నెమ్మదిగా నడిచాడు. ఎక్కుతూ పోతుంటే గుట్ట ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది. శవాన్నో, అస్థికల్నో మోసుకుంటూ ఈ దారినే ఎక్కి ఉంటారని నాకనిపించింది. చూపు అటే పోయేలా కట్టిన దారి ఇది.

మూడు వరసలకు కొంచెం పక్కగా జెయింట్స్ బేసిన్ అనే పెద్ద కెయిర్న్ ఉంది. అడ్డంగా 20 మీటర్లకు పైగా, ఎత్తు దాదాపు 3 మీటర్లు. అంచు ఎక్కి చూస్తే నడుమ గుంట. ఎప్పుడో ఎవరో పైనుంచి తవ్వి రాళ్ళు బయటికి విసిరేస్తే మిగిలిన ఆకారమది.

"గుప్త నిధులు" అన్నాడు చిన్నాయన, నేను నోరు తెరవక ముందే.

అదే. ఇక్కడ ఆ పిచ్చి చాలా పాతది. 1324లో రెండవ ఎడ్వర్డ్ రాజు డెవన్‌లోని సమాధి దిబ్బల్లో నిధి వెతకడానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. ప్రిన్స్‌టౌన్ దగ్గర ఒక రాతి పెట్టెకు 'బంగారు కుండ' అన్న పేరే ఉంది. ఏ పెట్టెలోనూ బంగారు కుండ లేదు. చెకుముకి రాయి ముక్కో, మట్టి పాత్రో ఉంటే వాటిని పగలగొట్టి పారేశారు. నిధి వేటగాళ్ళ తర్వాత, మెరివేల్‌లో చూసినట్టు, రైతులు గోడలకూ గేట్లకూ రాళ్ళు పట్టుకెళ్ళారు. ఆ తర్వాత 19వ శతాబ్దంలో చదువుకున్న వాళ్ళు వచ్చి పరిశోధన పేరుతో తవ్వారు. కొందరు బాగా రాసిపెట్టారు, కొందరు ఒక్క పూటలో రెండు మూడు గుట్టలు తెరిచి ఏమీ రాయకుండా పోయారు.

వీళ్ళందరి కంటే ముందు ఇక్కడి మట్టే సగం పని చేసింది. గ్రానైట్ మీద ఏర్పడే నేల ఆమ్లపు నేల. ఎముకను కొన్ని వందల ఏళ్ళలో ఆనవాలు లేకుండా కరిగిస్తుంది. కాళ్ళు మడిచి పక్కకు పడుకోబెట్టిన మనిషి మొత్తంగా పోయి పెట్టె మాత్రం మిగులుతుంది. చాలా పెట్టెలు మీటరుకు అటూ ఇటూ పొడవే ఉంటాయి, పొడవు దిశ ఎక్కువగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. ఆ దిశ ఎన్నుకోవడంలో ఏదో నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని చెప్పే మనుషులూ లేరు, ఎముకలూ లేవు.

మధ్యాహ్నం రొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి ఆ గుట్ట గాలి తగలని వైపు కూర్చుని తిన్నాం. రాళ్ళ మీద కూర్చోవద్దని చిన్నాయన అన్నాడు. గడ్డి మీదే కూర్చున్నాం.

ఆదివారం

వాన. పోస్ట్‌బ్రిడ్జిలో మధ్యయుగం నాటి రాతి పలకల వంతెన దగ్గర తడిసి, పక్కనున్న విజిటర్ సెంటర్లో దూరాం. వాన కాస్త తగ్గాక లేక్‌హెడ్ హిల్ ఎక్కాం. బెలివర్ అడవిలో ఖాళీ జాగాలో ఒక పెద్ద రాతి పెట్టె, చిన్న వరస ఉన్నాయి. విక్టోరియా కాలంలో సరిచేసి పెట్టినవి కాబట్టి చూడటానికి కుదురుగా ఉంటాయి, కానీ ఎంతవరకు అసలుదో నమ్మడం కష్టం. పొగమంచులో ఎక్కువసేపు నిలవలేదు.

సాయంత్రం బసలో హీటరు పక్కన సాక్సులు ఆరేసుకుని కూర్చున్నాం. చిన్నాయన మా వైపు రాకాసి గుళ్ళ కథ ఎత్తుకున్నాడు. గుట్టల కింద, చెరువు వెనక, వలయంగా పాతిన బండరాళ్ళు, మధ్యలో రాళ్ళ పోగు, దాని కింద పలకల పెట్టె. రాకాసులు కట్టారని చిన్నప్పుడు భయపెట్టేవాళ్ళు, చీకటి పడ్డాక అటు వెళ్ళేవాళ్ళు కాదు.

19వ శతాబ్దంలో ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఒకడున్నాడు, ఫిలిప్ మెడోస్ టేలర్. నిజాం సైన్యంలో పనిచేసి, తర్వాత ఇప్పటి కర్ణాటకలో ఉన్న సురపురం సంస్థానం వ్యవహారాలు చూశాడు. ఆ ప్రాంతంలో రాళ్ళ గుట్టలు తవ్వి, కొలిచి, బొమ్మలు గీసి, బ్రిటన్‌లో చూసిన వాటితో పోల్చాడు. దక్కన్‌లోని రాతి పెట్టెలకు ఆయన వాడిన పేరు కూడా కిస్ట్‌వేన్ అనే. కట్టుబడి ఒకేలా ఉంది కాబట్టి కట్టిన జాతి కూడా ఒకటేనని ఆయన ఊహించాడు. అది నిలవలేదు. డార్ట్‌మూర్ పెట్టెలు కాంస్య యుగం నాటివి, క్రీ.పూ. 2000కు అటూ ఇటూ. మన తెలంగాణ, ఆంధ్ర సమాధులు ఎక్కువగా ఇనుప యుగానివి, వాటిలో ఇనుప కత్తులు, నలుపు-ఎరుపు కుండలు దొరుకుతాయి. మధ్యలో వెయ్యేళ్ళ తేడా, సగం భూగోళం దూరం. కానీ ఆయన కొలతలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. తవ్వినదాన్ని శ్రద్ధగా రాసిపెట్టినందుకే.

"ఏలేశ్వరం సమాధులు నాగార్జునసాగర్ నీళ్ళల్ల మునిగినయ్" అన్నాడు చిన్నాయన. "మునగక ముందు తవ్వి రాసిన్రు కాబట్టి ఇయ్యాల మాట్లాడుకుంటున్నం."

సోమవారం

పొద్దున్నే ఫెర్న్‌వర్తీ జలాశయం దగ్గరికి వెళ్ళాం. ఉత్తర డార్ట్‌మూర్‌లో కొంత భాగం సైన్యం ఫైరింగ్ ప్రాక్టీసుకు వాడుకుంటుంది. వెళ్ళే ముందు ఫైరింగ్ రోజులు చూసుకోవాలి, ఎర్రజెండా ఎగురుతుంటే లోపలికి అడుగుపెట్టకూడదు. మే నెలలో, అందులోనూ సెలవు రోజున, ఆ టెన్షన్ లేదు.

జలాశయం వెనక తోపులో ఒక రాళ్ళ వలయం ఉంది. 1897లో తవ్వితే లోపలి నేలంతా బొగ్గు పరిచినట్టు కనపడిందట. తోపు దాటితే బయలు. నార్త్ టీన్ వాగు మీద రాతి పలకల వంతెన, దాని పక్కన పాడుబడ్డ టీన్‌హెడ్ ఇల్లు. అక్కడి నుంచి దారి అనేది లేదు. దూదిపూల గడ్డి తెల్లగా ఊగే చోట బురద లోతుగా ఉంటుంది, అది చూసి పక్కకు తిరగాలి. ఎత్తు పెరిగేకొద్దీ నేల మెత్తబడింది. కింద పీట్. నాచు, గడ్డి నీళ్ళలో నిలిచి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లటి మట్టి అది. పైన కొన్ని చోట్ల మనిషి ఎత్తున నిలువునా తెగి, మధ్యలో వాగులా కోసుకుపోయింది.

పైకి చేరడానికి మూడు గంటలు పట్టింది. "చిన్నాయనా, కాసేపు ఆగుదామా" అంటే, "నువ్వు ఆగుతానంటే ఆగుదాం" అనేవాడు. రోజూ చేను చుట్టూ తిరిగే కాళ్ళు ఆయనవి. శిఖరం దగ్గర పీట్‌లోంచి కోసిన ఒక సన్నని దారి ఉంది, కొసన కంచు పలక అతికించిన చిన్న రాయి. బురద దాటలేక ఇబ్బందిపడే పశువుల కోసం, గుర్రాల కోసం ఫ్రాంక్ ఫిల్‌పాట్స్ అనే ఆయన ఇలాంటి దారులు కోయించాడు. ఆయన 1909లో చనిపోయాడని పలక చెబుతుంది.

ఇది వైట్‌హార్స్ హిల్. సుమారు 600 మీటర్ల ఎత్తు. డార్ట్‌మూర్ రాతి పెట్టెలన్నిటిలోకి ఎత్తైన చోట ఉన్నది ఇక్కడ దొరికింది. నేను ఇంత దూరం వచ్చింది దాని కోసమే.

ఈ శతాబ్దం మొదట్లో, పీట్ దిబ్బ ఒకటి ఎండి విరుగుతుంటే దాని పక్కలోంచి ఒక రాతి పలక బయటపడింది. అప్పటిదాకా అక్కడ సమాధి ఉందని ఎవరికీ తెలియదు. అందువల్లే నిధి వేటగాళ్ళు రాలేదు, గేటు కోసం ఎవరూ కోయలేదు. కానీ దిబ్బ ఏటా అరిగిపోతోంది. అలాగే వదిలేస్తే లోపలున్నది గాలి తగిలి పాడైపోతుందని 2011 ఆగస్టులో తవ్వారు. అక్కడికక్కడే విప్పకుండా, లోపలున్నదాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి ల్యాబ్‌కు తీసుకెళ్ళి, అక్కడ పొర వెంట పొర తీశారు.

లోపల ఉన్నవి వింటుంటే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పని అవుతుంది. గడ్డి పరిచి, దాని మీద ఎలుగుబంటి తోలు. ఆ తోలులో కాలిన ఎముకలు, 15 నుంచి 25 ఏళ్ళ మధ్య వయసున్న ఒక మనిషివి. ఆడమనిషి కావచ్చని చాలామంది అనుకుంటారు, కానీ ఎముకలు ఆ మాట తేల్చి చెప్పలేదు. లైమ్ చెట్టు నారతో అల్లిన చిన్న బుట్ట. దూడతోలు, దురద మొక్క నార కలిపి కుట్టిన పట్టీ. ఆవు వెంట్రుకలతో అల్లి చిన్న చిన్న తగరపు గుబ్బలు పొదిగిన చేతిపట్టీ. కర్రతో చెక్కిన చెవి దిద్దులు, రెండు జతలు. 200కు పైగా పూసలు. వాటిలో మట్టివి, షేల్ రాతివి, సముద్రాల అవతలి బాల్టిక్ తీరం వైపు నుంచి వచ్చిన ఆంబర్‌వి (గట్టిపడిన చెట్టు బంక) ఉన్నాయి, ఒకటి తగరపుది. క్రీ.పూ. 1730 నుంచి 1600 మధ్య కాలం.

మిగతా చోట్ల కరిగిపోయేవి సరిగ్గా ఇవే. తోలు, నార, వెంట్రుక, కర్ర. గాలి దూరని నీళ్ళమట్టి వాటిని పట్టుకుని ఉంచింది. ఎముకలు కాల్చినవి కాబట్టి అవీ నిలిచాయి. ఆ తగరానికి ఇంకో విలువ ఉంది. రాగిలో తగరం కలిపితేనే కంచు. డార్ట్‌మూర్ వాగుల్లో తగరపు ఖనిజం ఉంది, తర్వాతి కాలంలో వందల ఏళ్ళు ఇక్కడ తవ్వి తీశారు. అంత పాత కాలంలోనే ఈ వైపు మనుషులు తగరాన్ని నగగా పెట్టుకున్నారని ఆ చేతిపట్టీ చూపించింది.

నిన్నా మొన్నా చూసిన ఖాళీ పెట్టెలు ఇప్పుడు నాకు వేరుగా కనిపిస్తున్నాయి. వాటిలోనూ ఎవరో ఒక అమ్మాయి చేతిపట్టీ, ఎవరో ముసలాయన తోలు కప్పు ఉండి ఉంటాయి. ఏమీ లేనివాళ్ళ సమాధులు కావవి. చుట్టుపక్కల ఉన్న వాళ్ళు ఆలోచించి, ఒక్కొక్క వస్తువూ ఎంచి పెట్టినవి.

పెట్టె బయటపడిన దిబ్బ ఏదో వెతకలేదు. పీట్ మెత్తన, ప్రతి అడుగూ దాన్ని ఇంకొంచెం విరుస్తుంది. డార్ట్‌మూర్ మీద ఇప్పుడు కాలవలకు అడ్డు కట్టి నీళ్ళు నిలబెట్టే పని జరుగుతోంది, పీట్ మళ్ళీ తడవడానికి. నీళ్ళు పట్టి ఉంచడం, కార్బన్ పట్టి ఉంచడం ఆ పని చేసేవాళ్ళ ఉద్దేశం. నాకు మాత్రం ఇంకా తెరవని పెట్టెలు ఆ తడిలో క్షేమంగా ఉంటాయన్నదే పెద్ద ధైర్యం.

దిగేటప్పుడు కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లబడ్డాయి. కారు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అయింది.

మంగళవారం

తిరుగు ప్రయాణంలో గ్రిమ్స్‌పౌండ్ దగ్గర ఆగాం. ఇది బతికిన వాళ్ళ ఊరు. పెద్ద రాతి ప్రహరీ, లోపల 24 గుండ్రటి ఇళ్ళ పునాదులు. ఒక ఇంటి గుమ్మంలో నిలబడి తలెత్తితే హామెల్‌డౌన్ కొండ కనిపిస్తుంది. ఆ కొండ వెన్ను మీద వాళ్ళ కాలం నాటి సమాధి గుట్టలున్నాయి. ఆ వెన్ను వెంట నడిచాం, ఎడమకీ కుడికీ డెవన్ పొలాలు.

బ్రాడ్ బరో, సింగిల్ బరో, టూ బరోస్. బరో అంటే సమాధి దిబ్బ. గుట్టల మీద పాతిన సరిహద్దు రాళ్ళ మీద ఆ పేర్లూ 1854 అన్న ఏడాదీ చెక్కి ఉన్నాయి. టూ బరోస్‌లో ఒకదాన్ని 1872లో స్పెన్స్ బేట్ తవ్వితే ఒక కంచు బాకు, దాని పిడికి పెట్టే ఆంబర్ గుబ్బ దొరికాయి. ఆ గుబ్బ మీద సన్నని బంగారు మేకులు వరసగా గుచ్చి నగిషీ పెట్టారు. డార్ట్‌మూర్ సమాధుల్లో దొరికిన వాటిలో అంత అందమైనది అరుదు. దాన్ని ప్లిమత్‌లో ఒక భవనంలో భద్రపరిచారు. 1941లో జర్మన్ బాంబు దాడుల్లో ఆ భవనంతో పాటే పోయింది. మూడు వేల ఏళ్ళకు పైగా గుట్ట కింద ఏమీ కాలేదు, బయటికి వచ్చాక డెబ్బై ఏళ్ళే నిలిచింది.

ఆ పక్కనే ఇంకో రాయి ఉంది, ఈ కాలపుది. 1941 మార్చిలో ఈ కొండకు తగిలి కూలిన హ్యాంప్‌డెన్ బాంబర్ విమానంలో చనిపోయిన నలుగురి పేర్ల పొడి అక్షరాలు దాని మీద ఉన్నాయి. చిన్నాయన చెప్పులు విప్పి, ఒక్కో అక్షరం చదివాడు. "ఈళ్ళు గూడ పోరగాళ్ళే" అన్నాడు.

వారెన్ హౌస్ ఇన్ దగ్గర టీ తాగడానికి ఆగితే ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. ఇండియాలో సాయంత్రం అవుతోంది. చిన్నాయన ఊర్లో తన స్నేహితుడికి ఫోన్ చేశాడు. గుట్ట కింద రాళ్ళ వలయాలు ఎట్లున్నాయని అడిగాడు. రెండు మిగిలాయట, మిగతావి నిరుడు వెంచర్ కోసం జేసీబీతో చదును చేశారట.

"ఆ రెండిటి ఫోటోలు రేపు పొద్దుగాల్ల తియ్యి, అన్ని దిక్కులకెళ్ళి తియ్యి. పక్కన స్కేలు పెట్టి తియ్యి. సర్వే నంబరు రాసుకో. నేనొచ్చినంక తహసీల్దారుకు, పురావస్తు శాఖకు అర్జీ పెడదాం. అప్పటిదాంక ఆడ ఎవ్వల్నీ తవ్వనియ్యకు" అని చెప్పి, టీ చల్లారిపోయిందని ఇంకో కప్పు అడిగాడు.